దోమకాటుకు ప్రాణమిచ్చిన వైద్యుడు, 17 డాలర్లతో మిగిలిన ఇల్లాలు



ఈ వారం మీ ముందుంచుతున్నది ఒక అమెరికా వైద్యుని జీవితం. ఆయన పేరు జెస్సీ విలియం లజీర్. ఆయన కన్నుమూసి నూట ఇరవై ఏళ్లు దాటింది. ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరాన్ని మనిషి నుండి మనిషికి మోసుకెళ్లేది దోమేనని రుజువు చేసే పనిలో తన 34వ ఏట ఆయన ప్రాణం విడిచారు. వైద్యశాస్త్ర చరిత్రలో ఆయన పేరు నిలిచిపోయింది. ఒక శిబిరానికి, ఒక ఫిరంగి స్థావరానికి ఆయన పేరు పెట్టారు. ఆయన పనిచేసిన ఆసుపత్రిలో స్మారక ఫలకం నిలిపారు. అయితే ఆయన వెనుక మిగిలిన భార్య మేబెల్‌ను గూర్చి, ఇద్దరు పసిబిడ్డలను గూర్చి చెప్పేవారు తక్కువ. ప్రభుత్వం ఆమెకు మొదట కట్టిన పింఛను నెలకు 17 డాలర్లు. ఆమెకు న్యాయంగా రావలసినంత రావడానికి దాదాపు 8 ఏళ్లు పట్టింది. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల మన సంఘాలలో నెల నెలా పింఛను కోసం ఎదురుచూసే తల్లులు ఎందరో ఉన్నారు. వారిని తలచుకుంటూ ఈ చరిత్ర చదువుదాం.

జెస్సీ లజీర్ 1866 మే 2న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ ప్రాంతంలో జన్మించారు. 1889లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. 1892లో న్యూయార్కులోని కొలంబియా వైద్య కళాశాలలో డాక్టరు చదువు ముగించారు. బెల్వ్యూ ఆసుపత్రిలో పనిచేసి, ఆ తరువాత ఐరోపాకు వెళ్లి, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ప్రయోగశాల బాధ్యత చేపట్టారు. 1896లో మేబెల్ హ్యూస్టన్‌ను వివాహమాడారు. వారికి మొదట ఒక కుమారుడు పుట్టాడు.

ఆ రోజుల్లోనే మన గడ్డమీద ఒక గొప్ప సంగతి జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. కోదాడ నుండి విజయవాడ–హైదరాబాదు రహదారి మీద ఒక పూట ప్రయాణం. రోగాన్ని దోమ మోస్తుందన్న ఆ వార్త ప్రపంచమంతటా వైద్యులను మేల్కొలిపింది. బాల్టిమోర్‌లో లజీర్ కూడా మలేరియా మీద, దోమల మీద పరిశోధన మొదలుపెట్టారు. దోమను పట్టడం, పెంచడం, కోసి లోపల చూడడం తెలిసిన వైద్యులు అప్పటికి అమెరికాలో చాలా కొద్దిమంది. లజీర్ అందులో ఒకరు. ఆ నేర్పే ఆయనను క్యూబాకు తీసుకుపోయింది.

ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు గనుక దాని సంగతి కొంచెం చెప్పాలి. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. కొందరికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. మరికొందరికి కాలేయం చెడి కళ్లు, ఒళ్లు పచ్చబడతాయి. కడుపులో రక్తస్రావమై నల్లని వాంతులవుతాయి. ఆ దశకు చేరినవారిలో చాలామంది బతకరు. 1793లో ఫిలడెల్ఫియా నగరంలో వేలమంది ఈ జ్వరంతో చనిపోయారు. 1878లో మెంఫిస్ అనే ఒక్క ఊరిలోనే 5,000 మందికి పైగా పోయారు. రోగి బట్టలవల్ల, పక్కలవల్ల, చెడుగాలివల్ల అంటుకుంటుందని జనమంతా నమ్మారు. పరుపులు తగలబెట్టారు, ఓడలను రేవు బయటే ఆపారు. అయినా జ్వరం ఆగలేదు.

క్యూబా రాజధాని హవానాలో కార్లోస్ ఫిన్లే అనే వైద్యుడు ఉండేవారు. ఈ జ్వరాన్ని మోసేది ఇళ్లలో తిరిగే ఒక చారల దోమ అని ఆయన 1881లోనే ప్రకటించారు. దాదాపు ఇరవై ఏళ్లు ఆయన మాటను పెద్దగా ఎవరూ చెవిని పెట్టలేదు. ఆ దోమే నేడు ఏడిస్ ఈజిప్టై అని పిలువబడుతున్నది. మన కోదాడ వీధుల్లో డెంగీని, చికున్‌గున్యాను పంచుతున్నది కూడా ఇదే. పగటిపూట కుట్టే దోమ, కూలర్లలో, పాత టైర్లలో, మూతలేని తొట్లలో నిలిచిన మంచినీళ్లలో పెరిగే దోమ.

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధం తరువాత క్యూబా అమెరికా సైన్యం పాలనలోకి వచ్చింది. ఆ యుద్ధంలో శత్రువు తూటాకు చనిపోయిన అమెరికా సైనికులకన్నా జ్వరాలకు చనిపోయినవారే ఎక్కువ. 1900 సంవత్సరం ఆరంభంలో లజీర్ సైన్యంలో ఒప్పందం మీద పనిచేసే వైద్యునిగా చేరి, హవానా దగ్గర కెమాడోస్ అనే చోటనున్న సైనిక ఆసుపత్రికి వెళ్లారు. ఆ ఏడు మే నెలలో సైన్యం నలుగురు వైద్యులతో ఎల్లో ఫీవర్ కమిషన్‌ను నియమించింది. నాయకుడు మేజర్ వాల్టర్ రీడ్, ఒక మెథడిస్టు బోధకుని కుమారుడు. తక్కిన ముగ్గురు జేమ్స్ క్యారల్, అరిస్టిడెస్ అగ్రమోంటె, జెస్సీ లజీర్.

మేబెల్ అప్పుడు గర్భవతి. కాన్పు కోసం ఆమె క్యూబా నుండి అమెరికాకు తిరిగి వెళ్లారు. 1900 ఆగస్టులో వారికి కూతురు పుట్టింది. ఆ బిడ్డ పుట్టిన వార్త తండ్రికి అందింది గాని, బిడ్డ ముఖం చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

కమిషన్ సభ్యులు ఫిన్లే దగ్గరకు వెళ్లి ఆ దోమ గుడ్లు తెచ్చుకున్నారు. వాటిని పొదిగించి పెంచే పని లజీర్‌ది. గాజు గొట్టాలలో దోమలను పెట్టుకుని ఆయన జ్వరపీడితుల దగ్గరకు పోయేవారు. రోగిని కుట్టనిచ్చి, కొన్నాళ్లు ఉంచి, తరువాత ఆరోగ్యవంతుణ్ణి కుట్టనివ్వాలి. జంతువులలో ఈ జ్వరాన్ని పుట్టించే మార్గం అప్పటికి తెలియదు గనుక మనుషులమీదే పరీక్షించవలసి వచ్చింది. ఇతరులను పరీక్షకు పెట్టేముందు తామే ముందు దోమకాటుకు లోనవ్వాలని కమిషన్ సభ్యులు ఒప్పుకున్నారు. అగ్రమోంటె క్యూబాలో పుట్టినవారు గనుక ఆయనకు ముందే రక్షణ ఉంటుందని భావించారు. రీడ్ అప్పుడు పనిమీద వాషింగ్టన్ వెళ్లి ఉన్నారు.

ఆగస్టులో మొదట చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. ఆగస్టు 16న లజీర్ తానే కుట్టించుకున్నారు. ఏమీ కాలేదు. కారణం తరువాత తెలిసింది. జ్వరం వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో రోగిని కుట్టిన దోమకే అది అంటుతుంది. ఆ దోమ లోపల ఆ విషం సిద్ధం కావడానికి ఇంచుమించు 12 రోజులు పడుతుంది. ఆగస్టు 27న క్యారల్‌ను కుట్టిన దోమ 12 రోజుల కిందట ఒక రోగి రక్తం తాగినది. క్యారల్ జబ్బుపడి, చావు అంచుదాకా పోయి బతికారు. ఆ వెంటనే కుట్టించుకున్న ఒక సైనికునికి కూడా జ్వరం వచ్చి తగ్గింది. తాము వెదుకుతున్న దారి దొరికినట్టుందని లజీర్ సెప్టెంబరు ఆరంభంలో భార్యకు ఉత్తరం రాశారు.

సెప్టెంబరు 13న హవానాలోని లాస్ ఆనిమాస్ ఆసుపత్రిలో ఆయన రోగుల మీద దోమలను పెడుతుండగా మరో దోమ వచ్చి ఆయన చేతిమీద వాలింది. ఆయన దానిని తోలలేదు. పని చెడుతుందని తాగనిచ్చారు. తరువాత తోటివారికి ఆయన చెప్పింది ఇదే. 18న ఆయనకు జ్వరం తగిలింది. 25వ తేదీన కెమాడోస్‌లో కన్నుమూశారు.

ఆయన మరణించాక ఆయన నోటుపుస్తకం రీడ్ చేతికి వచ్చింది. దానిలోని రాతను బట్టి, ఆ దోమకాటు అనుకోకుండా జరిగింది కాదనీ, ఆయన తెలిసే తన మీద రెండవసారి ప్రయోగం చేసుకున్నారనీ కొందరు భావించారు. అలాగైతే ఎందుకు దాచారు? భార్యాబిడ్డలకు జీవిత బీమా అందకుండా పోతుందేమోనని అలా చెప్పి ఉంటారని కొందరు చరిత్రకారుల ఊహ. 1902లో రీడ్ కూడా చనిపోయారు. ఆ తరువాత ఆ నోటుపుస్తకం కనబడకుండా పోయింది. అందువలన ఈ ప్రశ్నకు నిశ్చయమైన జవాబు లేదు. కాని జ్వరంతో పడకమీద ఉన్న మనిషి తన ఇల్లు ఏమవుతుందోనని ఆలోచించాడంటే మనలో ఎవరం ఆశ్చర్యపోతాం?

అమెరికాలో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఉన్న మేబెల్‌కు భర్త మరణవార్త తంతి ద్వారా అందింది. ఒక బిడ్డ ఇంకా నడక నేర్చుకునే వయసువాడు, మరొక బిడ్డ నెల దాటినది.

ఆయన ప్రాణం వృథా కాలేదు. రీడ్ తిరిగి వచ్చి ఆయన నోటుపుస్తకాన్ని ఆధారం చేసుకుని పని కొనసాగించారు. అక్టోబరు 23న ఇండియానాపొలిస్ నగరంలో జరిగిన వైద్యసభలో మొదటి ఫలితాలు ప్రకటించారు. నవంబరులో కెమాడోస్ దగ్గర ఒక ప్రయోగ శిబిరం వేసి దానికి లజీర్ శిబిరమని పేరు పెట్టారు. అక్కడ ఒక గుడిసెలో కొందరు రోగుల మురికి పక్కబట్టలలో పడుకున్నారు, వారికి జ్వరం రాలేదు. దోమలు కుట్టినవారికే వచ్చింది. పరీక్షకు ఒప్పుకున్నవారి దగ్గర అపాయమేమిటో వివరించి రాతపూర్వకంగా ఒప్పందం తీసుకోవడం అక్కడ జరిగింది. వైద్య పరిశోధనలో అలా చేయడం ఆ కాలానికి కొత్త. ఒప్పుకున్నవారికి 100 డాలర్లు, జబ్బుపడితే మరో 100 ఇస్తామన్నారు. జాన్ కిసింజర్, జాన్ మొరాన్ అనే ఇద్దరు ఆ సొమ్ము వద్దన్నారు. మనుషుల మేలు కోసమే వస్తామన్నారు.

ఆ తరువాత మేజర్ విలియం గోర్గస్ హవానాలో దోమల మీద యుద్ధం ప్రకటించారు. నీళ్ల తొట్లకు మూతలు వేయించారు, నిలిచిన నీటిమీద కిరసనాయిలు పోయించారు, రోగుల గదులకు దోమతెరలు కట్టించారు. 1900లో హవానాలో ఎల్లో ఫీవర్‌తో 310 మంది చనిపోయారు. 1901లో 18 మంది. 1902లో ఒక్కరు కూడా లేరు. ఆ మరుసటి ఏళ్లలో అదే పద్ధతితో పనామాలో ఈ జ్వరాన్ని అణచిన తరువాతనే కాలువ తవ్వకం సాగి 1914లో ఓడలకు దారి తెరుచుకుంది. అంతకుముందు ఫ్రెంచివారు తవ్వబోయి రోగాలకు 20,000 మందికి పైగా మనుషులను పోగొట్టుకుని వెనుదిరిగారు. ఎన్ని ప్రాణాలు నిలిచాయో, ఎంత వ్యాపారం సాగిందో, ఎన్ని రేవులు తెరుచుకున్నాయో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

ఆ లాభం అంతటిలో లజీర్ ఇంటికి చేరినదెంత?

అప్పటి అమెరికా పింఛను చట్టం మనిషి చేసిన పనిని చూడలేదు, హోదాను చూసింది. సైన్యంలో మేజరు చనిపోతే భార్యకు ఒక మొత్తం, కెప్టెన్ అయితే కొంత తక్కువ, లెఫ్టినెంట్ స్థాయివాడైతే ఇంకా తక్కువ. ఒప్పందం మీద పనిచేసే వైద్యుడు పెద్ద మెట్టు మీద ఉన్నవాడు కాదు. అందువలన మేబెల్‌కు నెలకు 17 డాలర్లు, ఒక్కొక్క బిడ్డకు 16 ఏళ్లు నిండేవరకు మరో 2 డాలర్ల చొప్పున నిర్ణయమైంది. మొత్తం నెలకు 21 డాలర్లు, ఏడాదికి 252. ఎవరూ ఆమెను మోసం చేయలేదు. చట్టం ప్రకారమే లెక్క కట్టారు. బల్లకు అటువైపు కూర్చున్న గుమాస్తా కాగితంలో ఉన్నదే చదివాడు. ఆ కాగితంలో హవానా లేదు, దోమ లేదు, 310 నుండి సున్నాకు దిగిన మరణాలు లేవు.

ఇంతలో గౌరవాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మేరీలాండ్‌లోని ఫోర్ట్ హోవర్డ్ కోటలో ఒక ఫిరంగి స్థావరానికి లజీర్ పేరు పెట్టారు. 1904లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆయన స్మారక ఫలకాన్ని ఆవిష్కరించారు. పెద్దలు మంచి ఉపన్యాసాలు ఇచ్చారు. పింఛను 17 డాలర్ల దగ్గరే ఉంది.

న్యాయం తనంతట తాను నడిచి రాలేదు. నోరున్నవారు కొందరు ఆ కుటుంబాల పక్షాన మాట్లాడవలసి వచ్చింది. క్యూబా గవర్నరుగా పనిచేసిన జనరల్ లెనర్డ్ వుడ్ స్వయంగా వైద్యుడు. కమిషన్ చేసిన పని విలువ ఆయన కళ్లారా చూసినది, దానిని గట్టిగా చాటారు. మరొకరు హోవర్డ్ కెల్లీ. ఆయన జాన్స్ హాప్కిన్స్‌లో పేరుపొందిన శస్త్రవైద్యుడు, బైబిలును ప్రేమించిన భక్తుడు. విజ్ఞానశాస్త్రం చదివిన తాను బైబిలును ఎందుకు నమ్ముతున్నాడో తరువాతి కాలంలో ఒక పుస్తకంగా కూడా రాశారు. ఆయన 1906లో వాల్టర్ రీడ్ జీవితచరిత్రను ప్రచురించి, ఆ నలుగురు వైద్యుల త్యాగాన్ని సామాన్య ప్రజల ముందుకు తెచ్చారు. విశ్వాసం గల ఒక వైద్యుడు కలం పట్టుకుని చేసిన సేవ అది.

ఆ ఏడు డిసెంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ పరిశోధనకు సంబంధించిన కాగితాలను అమెరికా కాంగ్రెసుకు పంపి, ఆ వైద్యుల సేవను గుర్తించమని కోరారు. 1898 యుద్ధంలో రూజ్‌వెల్ట్ క్యూబాలో పోరాడినవాడు. జ్వరాలు సైనికులను ఏమి చేస్తాయో ఆయనకు తెలుసు. 1907లో కాంగ్రెసు క్యారల్‌ను మేజరుగా పెంచింది. దోమకాటు తరువాత ఆయన గుండె పూర్వంవలె కోలుకోలేదు. అదే ఏడు సెప్టెంబరులో ఆయన చనిపోయారు. ఇప్పుడు ఒకే పరిశోధన వలన ఇద్దరు విధవరాండ్రు కాంగ్రెసు తలుపు ముందు నిలిచారు.

1908లో కాంగ్రెసు మేబెల్ లజీర్‌కు, జెన్నీ క్యారల్‌కు నెలకు 125 డాలర్ల చొప్పున పింఛను మంజూరు చేసింది. ఏడాదికి 1,500 డాలర్లు. 17తో పోల్చితే ఏడు రెట్లకు పైగా. ఆ ఇద్దరు స్త్రీలు అదృష్టవంతులని కొందరు అనుకుని ఉండవచ్చు. కాని తండ్రి చనిపోయినప్పుడు ఒళ్లో ఉన్న కూతురికి అప్పటికి ఏడేళ్లు దాటాయి. గడిచిన ఆ నెలలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

సొమ్ము వద్దని పరీక్షకు వచ్చిన కిసింజర్ సంగతి కూడా తెలుసుకోవాలి. కొన్నేళ్లకు ఆయన కాళ్లు పడిపోయి పనికి దూరమయ్యారు. ఆయన భార్య ఇతరుల బట్టలు ఉతికి ఇల్లు నడిపించింది. 1901 ఆగస్టులో లాస్ ఆనిమాస్ ఆసుపత్రిలోనే క్లారా మాస్ అనే 25 ఏళ్ల నర్సు ఇటువంటి దోమకాటు పరీక్షలో చనిపోయింది. తన జీతంలోనుండి ఇంటికి డబ్బు పంపిన బిడ్డ ఆమె. లూథరన్ సంఘాలు కొన్ని నేటికీ ఆగస్టు 13న ఆమెను జ్ఞాపకం చేసుకుంటాయి. చివరకు 1929లో కాంగ్రెసు ఒక ప్రత్యేక చట్టం చేసింది. రీడ్, క్యారల్, లజీర్, అగ్రమోంటెలతో పాటు పరీక్షకు లోనైన సైనికుల పేర్లను కూడా గౌరవ జాబితాలో చేర్చి, బంగారు పతకం, నెలకు 125 డాలర్ల భృతి ఏర్పాటు చేసింది. లజీర్ చనిపోయి అప్పటికి 28 ఏళ్లు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మేబెల్ అడిగింది భిక్ష కాదు. భర్త సంపాదనలో అందకుండా పోయిన భాగాన్ని ఆమె అడిగింది. బైబిలులో ఇటువంటి స్త్రీ మనకు బాగా తెలుసు. రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త దేవునియందు భయభక్తులు గలవాడు. ఆయన సేవలో చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెకు ఓదార్పు మాట చెప్పి పంపివేయలేదు. ఇంట్లో ఏమున్నదని అడిగాడు. పాత్రలు తెచ్చుకొమ్మన్నాడు. నూనె అమ్మి మొదట అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో పిల్లలతో కూడ బ్రతకమన్నాడు. ఆ అద్భుతంలో అప్పు లెక్క ఉంది, బ్రతుకుదెరువు లెక్క ఉంది.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో కూడా అంతే. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకుభాష మాట్లాడేవారు సణిగారు. అపొస్తలులు వారిని గద్దించలేదు, ప్రార్థించండని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఏడుగురు మనుషులను పేరు పెట్టి ఆ పనికి నియమించారు. అందులో ఒకడు స్తెఫను. సంఘంలో మొదటి హతసాక్షి విధవరాండ్ర భోజనపు లెక్క చూడడానికి ఏర్పాటైన మనిషి అని మనం ఎన్నిసార్లు గుర్తు చేసుకుంటాం?

నేడు మన దేశంలో చట్టాలు కొంత మెరుగయ్యాయి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, పరిశోధనలో పాల్గొన్న మనిషి ఆ పరిశోధన కారణంగా చనిపోతే అతని కుటుంబానికి పరిహారం ఇవ్వాలి. కోవిడ్ కాలంలో రోగులకు సేవచేస్తూ చనిపోయిన ఆరోగ్య కార్యకర్తల కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. లజీర్ భార్య ఏళ్లతరబడి ఎదురుచూసిన న్యాయం ఇప్పుడు కాగితం మీద ఉన్నది. కాని కాగితం దగ్గరకు చేరుకోవడం ఆనాడూ కష్టమే, ఈనాడూ కష్టమే.

మన ప్రాంతాన్నే చూడండి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, మేళ్లచెరువు, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలలో పనిచేసే కార్మికులు, సాగరు ఎడమ కాలువ కింద పొలాల్లో మందు కొట్టే కూలీలు మన సంఘాలలో ఉన్నారు. అందులో ఒక తండ్రి హఠాత్తుగా పోతే ఆ ఇంటి తల్లికి ముందుగా కావలసినవి కాగితాలు. మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పి.ఎఫ్. కట్టిన కార్మికుడైతే భార్యకు, పిల్లలకు కూడా పింఛను వస్తుంది. ఈ సంగతి తెలియక ఊరుకున్నవారున్నారు. 2019లో తెలంగాణలో ఆసరా కింద వితంతు పింఛనును నెలకు 2,016 రూపాయలు చేశారు. దానికి దరఖాస్తు పెట్టాలి, ఆధార్‌లో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు ఒక్కటిగా ఉండాలి. ఒక్క అక్షరం తేడా వస్తే తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోతాయి. దుఃఖంలో ఉన్న స్త్రీ ఆ కార్యాలయానికి ఒంటరిగా పోవడం వేరు, చదువుకున్న ఒక సంఘస్థుడు పక్కన నిలబడడం వేరు.

మరొక మాట ధైర్యంగా చెప్పుకోవాలి. మన గ్రామాల్లో స్వతంత్రంగా సేవచేసే కాపరులకు జీతపు పట్టీ లేదు, పి.ఎఫ్. లేదు. వారు వర్షానికి, ఎండకు తిరిగి, రోగుల దగ్గర కూర్చుండి, కోవిడ్ రోజుల్లో కూడా సమాధి కార్యక్రమాలు జరిపించారు. వారిలో కొందరు ఆ జబ్బుతోనే పోయారు. సంస్మరణ కూడిక ఘనంగా జరుగుతుంది. ఫ్లెక్సీ కడతాం, దండ వేస్తాం, సాక్ష్యాలు చెబుతాం. ఆ తరువాత కొత్త కాపరి వస్తాడు, మందిరం పక్కనున్న ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుంది. అమ్మగారు సామాను సర్దుకుని పుట్టింటికో, కొడుకు ఇంటికో పోతారు. ఎవరూ ఆమెను మోసం చేయలేదు. కమిటీ పుస్తకంలో ఉన్న నియమం ప్రకారమే జరిగింది. మేబెల్ లజీర్‌కు 17 డాలర్లు లెక్కకట్టిన గుమాస్తా కూడా నియమం ప్రకారమే కట్టాడు.

సంఘంలో ఎవరైనా సేవకుడో, కష్టజీవియో ప్రభువునందు నిద్రించినప్పుడు మనం సంతాప తీర్మానం రాస్తాం. ఆ తీర్మానానికి రెండవ పుట కూడా ఉండాలి. ఆ ఇంట్లో ఎవరెవరు మిగిలారు, చిన్న బిడ్డ వయసెంత, అప్పు ఎంత, ఏయే పింఛన్లకు అర్హత ఉంది, దరఖాస్తు పెట్టించే బాధ్యత ఎవరిది, అది మంజూరయ్యేవరకు సంఘం నెలకు ఎంత ఇస్తుంది, ఎన్ని నెలలు ఇస్తుంది అని అందులో రాసి, పెద్దలు సంతకం చేయాలి. కాపరి విషయమైతే, ఆయన బ్రతికి ఉండగానే నెలకు కొంత ఆయన భార్య పేరున వేయడం మొదలుపెట్టాలి. వంద కుటుంబాల సంఘంలో ఇంటికి నెలకు 20 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 24,000 అవుతుంది. పది ఏళ్లలో అది ఒక విధవరాలికి తల ఎత్తుకుని నిలబడే ఆధారం.

లజీర్ పేరున అమెరికాలో ఫలకం పెట్టినవారు చెడ్డవారు కారు. ఆయనను నిజంగానే ప్రేమించారు. ఆయన భార్యకు ఆ నెల బియ్యం ఎలా వస్తున్నాయని అడగవలసినవాడు ఎవరో వారిలో ఎవరికీ తెలియలేదు, అంతే. ఆ అడగవలసినవాడు ఎవరో మన సంఘాలలో ముందే నిర్ణయం కావాలి. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మీ సంఘ పెద్దలు పది నిమిషాలు కూర్చుండి, మీ మధ్య ఉన్న విధవరాండ్ర పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా, ఆమె పింఛను ఏ స్థితిలో ఉందో, దానికోసం ఆమెతో కూడ వెళ్లే సహోదరుడో సహోదరియో ఎవరో రాయండి. ఖాళీగా మిగిలిన ప్రతి గడి దగ్గర మీ పనిని మొదలుపెట్టండి.